కర్పూరం కరిగిందా? కాలిందా?

అమెరికాలో మన పిల్లలు మిడిల్ స్కూలుకొచ్చేసరికి ఫిజికల్ ఛేంజ్, కెమికల్ ఛేంజ్ పాఠం ఇంటికి పట్టుకొస్తారు. మనం చదివిన భౌతిక మార్పు, రసాయనిక మార్పు అదే. "మళ్లీ మామూలుగా చేయగలిగితే భౌతికం, లేకపోతే రసాయనికం" అని మనం చటుక్కున చెప్పేస్తాం. ఆ సూత్రం మన వంటింట్లోనే నిలబడదు!

నానిన మినప్పప్పును రుబ్బాక మళ్లీ పప్పుగా మార్చడం ఎవరి తరమూ కాదు. అయినా రుబ్బడం భౌతిక మార్పే. పప్పు నలిగిందంతే. అదే పిండిని రాత్రంతా ఉంచితే సూక్ష్మజీవులు అందులోని చక్కెరలను ఆమ్లాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. పిండి పులుస్తుంది, పొంగుతుంది. ఇది రసాయనిక మార్పు. చలికాలంలో గిన్నెను ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచేది ఆ జీవులకు వెచ్చదనం కోసమే.

చొక్కా మీద పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడడం అందరం చూసిందే. అక్కడ నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగు వచ్చేస్తుంది. వెనక్కి వచ్చింది కదా అని అది భౌతిక మార్పు అయిపోదు, రెండుసార్లూ జరిగింది రసాయన చర్యే.

అందుకే పిల్లలతో మనం అడిగించాల్సిన ప్రశ్న ఒక్కటే: కొత్త పదార్థం పుట్టిందా?

దేవుడి గదిలో డబ్బాలో పెట్టిన కర్పూరం రోజురోజుకీ తరిగిపోతుంది. అది ఆవిరై గాలిలో కలిసింది, వాసన చూస్తే కర్పూరమే. హారతిలో వెలిగించినదీ మాయమవుతుంది. కానీ అది కాలి చాలావరకు కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరిగా మారిపోయింది, కొంత మసి మిగిలింది. అక్కడ కర్పూరం లేదు. బుడగలూ అంతే. మరిగే నీళ్ల బుడగల్లో ఉండేది నీటి ఆవిరే. వంటసోడా మీద నిమ్మరసం పోస్తే వచ్చే బుడగల్లో కార్బన్ డయాక్సైడు ఉంటుంది.

ఇదంతా మార్కుల కోసమే అనుకుంటే పొరపాటు. రెండు క్లీనర్లు కలిపితే రెట్టింపు శుభ్రం అవుతుందని చాలామంది నమ్మకం. పాలూ నీళ్లూ కలిసినట్టు అవి ఊరికే కలవవు. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, బాత్రూం యాసిడ్ గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ పడితే క్లోరమిన్లు పుడతాయి. రెండూ విషవాయువులే. తలుపులు మూసుకున్న చిన్న బాత్రూంలో ఊపిరితిత్తులకు ప్రమాదం.

అలా జరిగితే వెంటనే బయటికి వచ్చి, స్వచ్ఛమైన గాలిలో నిలబడాలి. ఊపిరి ఆడకపోతే 911కు, సలహా కావాలంటే పాయిజన్ కంట్రోల్‌కు 1-800-222-1222 నంబరులో ఫోన్ చేయాలి.

మనల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు మనం ఆఫీసుకెళ్లాక ఊరికే కూర్చోలేక ఇల్లు శుభ్రం చేయబోతారు. సీసాల మీది ఇంగ్లిషు హెచ్చరికలు అందరికీ అర్థం కాకపోవచ్చు. "దీంట్లో ఇంకేమీ కలపొద్దు" అని పిల్లల చేత తెలుగులో రాయించి బ్లీచ్ సీసాకు అంటిద్దాం. పిల్లలకు పాఠమూ వస్తుంది, పెద్దవాళ్లకు ముప్పూ తప్పుతుంది.