వార్తల్లో పదం: సంచిత వైషమ్యము

బాల్యమునందలి లేమియు, విద్యాహీనతయు, జీవితమంతయు చేసిన కఠినశ్రమయు ఒకదానిపై నొకటి పేరుకొని వార్ధక్యమున దేహవైకల్యముగా బయల్పడుటను సమాజశాస్త్రజ్ఞులు సంచిత వైషమ్యమని వ్యవహరించుచున్నారు. చైనాలో పెకింగ్ విశ్వవిద్యాలయమువారు 45 ఏండ్లు పైబడినవారిని 2011 నుండి మరల మరల దర్శించి, స్నానము, వస్త్రధారణము, భోజనము, పడకనుండి లేచుట మొదలగు నిత్యకృత్యములను పరసాహాయ్యము లేక నెరవేర్చుకొనగలరా యని విచారించుచున్న ‘చార్ల్స్’ సర్వే ఈ చర్చకు ముఖ్యాధారములలో నొకటి.

అచ్చటి స్త్రీలు పురుషులకంటె దీర్ఘాయుష్మతులు. అయినను ఆ అధిక వత్సరములలో పెక్కు పరాధీనతలోనే గడచుచున్నవి. దీనిని స్త్రీదేహధర్మమని త్రోసివేయుట అన్యాయము. నేటి వృద్ధురాండ్రలో ననేకులు 1959–61 నాటి మహాక్షామమును పసితనమున ననుభవించినవారు. పేదయిండ్లలో బడి సోదరునిది, ఇంటిచాకిరి ఆమెది. పిదప పొలము, పురుళ్లు, మనుమల పెంపకము. 1958లో శాసనరూపము దాల్చిన ‘హుకోవు’ అను కుటుంబనమోదు పద్ధతి పల్లెవారిని పట్టణవాసుల సౌకర్యములకు దూరము చేసినది; నేటికిని గ్రామీణవృద్ధుల పింఛను పట్టణోద్యోగుల పింఛనులో స్వల్పాంశమే. వయసుడిగిన భర్తకు తుదివరకు పరిచర్య చేసిన యిల్లాలు తాను మంచము పట్టునప్పటికి, ఎన్నో యిండ్లలో, సంతానము వలసకూలికై దూరనగరములందే యుండును.