పాముకాటుకు గుర్రం నెత్తురు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు దాటి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు వెళ్తే ఎర్రమట్టి నేల. టాటా హిటాచీ లాంటి పెద్ద కార్ఖానాలున్న చోటే అయినా చుట్టుపక్కల పొదలకూ వరిచేలకూ కొదవ లేదు. వానాకాలం రాత్రి షిఫ్టు దిగి నడిచేవాళ్లకు కాలికింద ఏముందోనన్న భయం తప్పదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వచ్చి నింపురా, మధురాకాటి లాంటి పేటల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది కొత్త భయమేమీ కాదు. శ్రీకాకుళం చేలల్లో తాతలూ ఎరిగినదే.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా. కాటు తిన్నాక బతికి బయటపడ్డవాళ్లలో ఎంతోమందికి ప్రాణం పోసింది గుర్రం.

రక్తపింజర కరిస్తే నెత్తురు గడ్డకట్టే గుణం పోతుంది. అందుకే ఆస్పత్రిలో రోగి నెత్తురు కొంచెం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచినప్పుడు నీళ్లలా జారిందంటే విషం ఎక్కినట్టే. వెంటనే నర్సు చిన్న సీసాలోని తెల్లపొడిలో 10 మిల్లీలీటర్ల నీళ్లు కలుపుతుంది. గట్టిగా ఊపితే నురగ కడుతుంది కాబట్టి నెమ్మదిగా తిప్పుతుంది. మొదటి విడతకే 8 నుంచి 10 సీసాలు కావాలి.

ఆ పొడి గుర్రం నెత్తురులోంచి వచ్చింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను గుర్రానికి తట్టుకోగలిగినంతే ఎక్కిస్తూ మోతాదు పెంచుతారు. దాని ఒంట్లో విరుగుడు పుట్టాక మెడ నరంలోంచి నెత్తురు తీసి, ప్లాస్మా ఉంచుకుని ఎర్రకణాలను తిరిగి ఎక్కిస్తారు. 1895 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్ చూపిన దారి ఇది. మన హైదరాబాద్ దగ్గరి తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ చేసే మందూ ఇలా వచ్చేదే.

గుర్రానికి జబ్బు చేస్తే ఏమవుతుందో 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్ చూసింది. పాలబండి లాగిన జిమ్ అనే గుర్రం కంఠసర్పి మందుకు నెత్తురిచ్చేది. దానికి ధనుర్వాతం సోకింది. కలుషితమైన ఆ సీరం వేసుకున్న 13 మంది పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ ఇలాంటి మందుల తయారీపై చట్టం వచ్చింది.

అందుకే గుర్రాలశాలను మందుల కార్ఖానాలో ఓ మూల గదిగా చూడటం నాకు మింగుడుపడదు. విషం పొడిచిన చోట గడ్డలు లేస్తాయి. విరామం లేకుండా నెత్తురు తీస్తే రక్తహీనత వస్తుంది. గ్లాండర్స్ అనే జబ్బు సోకితే పక్కనున్న మనిషికీ అంటుతుంది. పశువైద్యుడి రాక, మేత, విశ్రాంతి, పని చేయలేని వయసులో నీడ, ఇవన్నీ ఆ సీసా ధరలో కలిసి ఉండాల్సిన ఖర్చులు. ఇందులో మిగుల్చుకోవడం అన్యాయం.

ఇంకో లోటూ ఉంది. ఈ మందుకు విషం ఎక్కువగా చెన్నై దగ్గరి ఇరుల సహకార సంఘం నుంచే వస్తుంది. ప్రాంతాన్ని బట్టి పాము విషం మారుతుంది. ఖరగ్‌పూర్ ఉన్న బెంగాల్‌లో పడగ వెనక ఒకే వలయం ఉండే నాగు ఉంది, మందుకు విషం తీసే ఆ నాలుగు పాముల్లో అది లేదు. ఇలాంటి పాముల విషం మీద ఇప్పటి మందు సరిగా పనిచేయడం లేదని 2019లో బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపారు. ఖరగ్‌పూర్ పరిసరాల విషంతోనూ మందు తయారవ్వాలి. అంతవరకు ఉన్న మందైనా వేళకు ఒంట్లో పడాలి. కరిచిన చోట కోయొద్దు, తాడు బిగించొద్దు, మంత్రగాడి కోసం ఆగొద్దు. కాటుపడ్డ కాలిని కర్రకు కట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా నేరుగా ఆస్పత్రికి చేర్చాలి.