చిన్న తరగతులలో వడ్డీలెక్క

నూటికి రెండు రూపాయల వడ్డీ యని ఊరి షావుకారు చెప్పును. నూటికి ఏడు అని సహకార సంఘమువారు చెప్పుదురు. ఏది తక్కువ యని ఐదవ తరగతి బాలు నడిగినచో రెండే తక్కువ యనును. పెద్దవారిలోను అట్లే తలంచి నోటుపై వ్రేలిముద్ర వేయువారు లేకపోలేదు. మొదటిది నెలకు, రెండవది సంవత్సరమునకు. ఈ భేద మొక్కటి తెలియకున్న నెంత నష్టమో చూడుడు.

50,000 రూపాయలలో నూరులు 500. నూటికి రెండు చొప్పున నెలకు 1,000 రూపాయలు. పండ్రెండు నెలలకు 12,000. సంఘములో ఏడాదికి నూటికి 7 చొప్పున వడ్డీ 3,500. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద 3 లక్షల లోపు పంటఋణమును గడువులోపల తీర్చినవారికి అందు 3 తగ్గి 4 మాత్రమే పడును, అనగా 2,000.

ఈ లెక్కలో గుణకారము తప్ప మరేమియు లేదు. ఎక్కములు వచ్చిన పదియేండ్ల పిల్ల చేయగలదు. అయినను శాతములు, సూత్రములు వచ్చిన పిమ్మటగాని వడ్డీ పాఠము చెప్పరాదని పాఠ్యపుస్తకములవారి యభిప్రాయము కాబోలు, దానిని పై తరగతులకు నెట్టుట వాడుక. మన యూళ్ళలోని 'నెలకు నూటికి' అను మాటయే పసివారికి సులభమైన దారి.

లెక్క తరువాత కాగితము. ప్రామిసరీ నోటులో అసలు, వడ్డీరేటు, తేది ఎచ్చట నుండునో మాదిరి నోటు చేతికిచ్చి చూపవలయును. కట్టిన సొమ్మునకు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలె ననియు, ఖాళీలున్న కాగితముపై సంతకము చేయరాదనియు అప్పుడే చెప్పవలయును. ఇంటి యప్పులు పిల్లల కేల యని కొంద రందురు. ఎవరి యప్పును బడిలో చదువ నక్కరలేదు. కల్పిత నామములు వ్రాసిన మాదిరి చాలును.

జీవనోపయోగమగు చదువు మనకు క్రొత్తగాదు. 1937 అక్టోబరులో వార్ధా సభయందు గాంధీమహాత్ముడు చేతివృత్తి మూలమున ఏడేండ్ల విద్యను ప్రతిపాదించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు గల తరగతుల పిల్లలు పది దినములు పుస్తకపు సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి యొద్ద పని నేర్వవలెనని చెప్పినది. మంచిదే. కాని వడ్డీలెక్కకు ఆరవ తరగతివరకు ఆగనేల? పురుగుమందు డబ్బాపై నుండు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ గుర్తులలో ఎరుపు మిక్కిలి విషమనియు, ఆకుపచ్చయు విషమే యనియు ఒకటవ తరగతిలోనే చెప్పవచ్చును. దానికి అక్షరములైన నక్కరలేదు.

ఇందులకు మన సంఘములు చేయదగిన పని స్వల్పము. ప్రధానోపాధ్యాయుని యనుమతితో కార్యదర్శి ఖాళీ పాసుపుస్తకమును, రశీదును, మాదిరి నోటును తీసికొని నెలకొకమారు 4, 5 తరగతులలో అరగంట కూర్చుండిన చాలును. జూనులో బడి తెరచు దినములే ఖరీఫు ఋణములకును అదను గనుక అప్పుడే ఆరంభింపవచ్చును. ఆ సాయంకాలము పిల్ల ఇంటికి వచ్చి, మనకు నూటికెంత పడుచున్నదని యడుగును. మెంబర్లు తమ కాగితములను ముందుగా వెదకి పెట్టుకొనవలయును.