కారు ఇంజన్‌కు బైక్ కార్బురేటర్లు.. పట్టు తప్పితే ముప్పే!

మోటారు సైకిల్ కార్బురేటర్లను కారు ఇంజన్‌కు అమర్చేవారు తొలుత జెట్ల సైజు గురించే ఆలోచిస్తారు. వాటిని పట్టి ఉంచే రబ్బరు, క్లిప్పు, ఊతకమ్మీల సంగతి ఆనక చూద్దామనుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. నడుస్తున్న కారులో కార్బురేటర్ రబ్బరు నుంచి జారితే పెట్రోలు వేడి సైలెన్సర్ గొట్టంపై పడి మంటలు రేగవచ్చు. వెంట్రుకవాసి సందు ఏర్పడినా అదనపు గాలి చొరబడి, పెట్రోలు పాళ్లు తగ్గి, పిస్టన్‌కు రంధ్రం పడే ప్రమాదముంది.

బ్రిటన్‌లో ఆదరణ

విడిభాగాలు తెచ్చుకుని ఇంటి షెడ్డులోనే కారు నిర్మించుకునే అభిరుచి బ్రిటన్‌లో ఉంది. వీటినే కిట్ కార్లంటారు. పాత ఫోర్డ్ ఇంజన్లతో వీటిని నిర్మించేవారిలో పలువురు ఖరీదైన వెబర్ జంట కార్బురేటర్లకు బదులు స్పోర్ట్స్ బైకుల నుంచి విప్పిన నాలుగు కార్బురేటర్ల వరుసను వాడుతుంటారు. 1998 నుంచి 2001 వరకు వచ్చిన యమహా ఆర్1 బైకులోని 40 మి.మీ. మికుని కార్బురేటర్లు ఇందుకు పేరుపొందాయి. 2002లో ఆ బైకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారింది.

రెండు పట్లలో ఒకటి మాయం

బైకులో ఈ వరుసకు రెండు వైపులా ఆధారం ఉంటుంది. ముందువైపు ఇంజన్‌కు బిగించిన రబ్బరు బూట్లు, వెనుకవైపు ఎయిర్‌బాక్సు రబ్బర్లు దానిని మధ్యలో పట్టి ఉంచుతాయి. కారుకు మార్చినప్పుడు ఎయిర్‌బాక్సు పోతుంది. నాలుగు కార్బురేటర్లు, వాటిలోని పెట్రోలు, ఫిల్టర్ల బరువంతా ముందు రబ్బర్లపైనే వేలాడుతుంది. కొంతకాలానికి రబ్బరు కిందికి వంగి, పైభాగంలో పగులుతుంది.

అలాగని రబ్బరును తీసేసి లోహానికి లోహం బిగించరాదు. ఇంజన్ అదురు నేరుగా తాకితే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు నురగలెత్తి, జెట్లకు సక్రమంగా అందదు. వెబర్ కార్బురేటర్లను సైతం మెత్తని రబ్బరు రింగులు, స్ప్రింగు వాషర్లతో కాస్త కదిలేలా బిగించడానికి కారణమిదే. కాబట్టి అదురును రబ్బరు భరించాలి, బరువును ఊతకమ్మీ మోయాలి.

మానిఫోల్డు తయారీ ఇలా

* ఇంజన్ హెడ్‌పై కూర్చునే అల్యూమినియం ఫ్లాంజికి నాలుగు గొట్టాలను ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తారు. వెల్డింగ్ వేడికి ఫ్లాంజి వంకర పోతుంది. అందువల్ల వెల్డింగ్ పూర్తయ్యాక దాని ముఖాన్ని మెషిన్‌పై చదును చేయించి, ఆ తర్వాతే గాస్కెట్ వేయాలి.

* బైకులో సిలిండర్ల మధ్య దూరం వేరు, కారులో వేరు. గొట్టాలను కొద్దిగా వంచడమో, కార్బురేటర్ల వరుసను విప్పి మధ్య దూరం పెంచడమో చేయాలి. ఎడం సరిపోకపోయినా రబ్బర్లను లాగి బిగిస్తే అవి త్వరలోనే ఊడివస్తాయి.

* గొట్టం చివర చిన్న గట్టు ఉండాలి. నునుపైన గొట్టంపై క్లిప్పు ఎంత బిగించినా రబ్బరు జారుతుంది. ఎండి పగుళ్లిచ్చిన పాత రబ్బర్లను తిరిగి వాడరాదు.

* కార్బురేటర్లు బైకులో ఏ వాలులో ఉండేవో ఇక్కడా అదే వాలులో ఉండాలి. వాలు మారితే ఫ్లోట్ మట్టం మారి పెట్రోలు పొంగవచ్చు.

ఊతకమ్మీ ఇంజన్‌కే

ఊతకమ్మీని ఇంజన్ బ్లాకుకు గాని, హెడ్‌కు గాని బిగించాలి. కారు బాడీకి బిగించడం తప్పు. ఇంజన్ తన మౌంటింగ్ రబ్బర్లపై అటూఇటూ ఊగుతుంది, బాడీ ఊగదు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ బాడీకి కట్టిన కమ్మీ కార్బురేటర్లను రబ్బర్ల నుంచి లాగుతూ ఉంటుంది. కమ్మీ చివర చిన్న రబ్బరు బుష్ వేస్తే అదురు కార్బురేటర్‌కు చేరదు. యాక్సిలరేటర్ కేబుల్‌ను పట్టే బ్రాకెట్టు కూడా కార్బురేటర్ల వరుసకే ఉండాలి. లేకుంటే ఇంజన్ ఊగినప్పుడు థ్రాటిల్ తనంతట తానే తెరుచుకోవచ్చు.

పెట్రోలు ఒత్తిడి, బ్రేకులు

బైక్ కార్బురేటర్లకు ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే దిగుతుంది, లేదా తక్కువ ఒత్తిడి పంపు ద్వారా వస్తుంది. చదరపు అంగుళానికి రెండు మూడు పౌండ్ల ఒత్తిడి చాలు. కారు పంపు ఒత్తిడి అంతకు మించితే ఫ్లోట్ సూది ఆపలేదు, పెట్రోలు పొర్లుతుంది. మధ్యలో రెగ్యులేటర్ తప్పనిసరి. విద్యుత్ పంపు అయితే ప్రమాదం జరిగిన వెంటనే ఆగిపోయే స్విచ్చు ఉండాలి.

బ్రేకు సర్వో మానిఫోల్డులోని పీల్పుతోనే పనిచేస్తుంది. కొత్త మానిఫోల్డుకు ఆ గొట్టం, వన్‌వే వాల్వు కలపడం మరిస్తే బ్రేకు పెడలు గట్టిపడి కారు ఆగడం కష్టమవుతుంది.

సందు గుర్తించడమెలా

స్లోలో ఇంజన్ వేగం నిలకడగా లేక పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, యాక్సిలరేటర్ వదిలాక వేగం తగ్గడానికి ఆలస్యమైనా గాలి చొరబడుతున్నట్లు అనుమానించాలి. ఇంజన్ స్లోలో ఉండగా ఒక్కో అతుకుపై సన్నగా నీటి తుంపర చల్లితే, సందు ఉన్నచోట ఇంజన్ తడబడుతుంది. ఇందుకు పెట్రోలు చల్లడం ప్రాణాంతకం. ఇంజన్ వేడెక్కి చల్లారిన తర్వాత క్లిప్పులను మరోసారి చూడాలి.

అంబాసిడర్‌కు కుదరదు

పాత అంబాసిడర్లలోని 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ బి-సిరీస్ రకం. దానిలో నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే దారులు రెండే. నాలుగు కార్బురేటర్ల వరుస నేరుగా సరిపోదు. పైగా గాలి వెళ్లే దారులు, పొగ వచ్చే దారులు ఒకే వైపున ఉంటాయి. కార్బురేటర్ కారితే పెట్రోలు పడేది వేడి గొట్టాలపైనే.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానులకు జైలుశిక్ష, జరిమానాలను చేర్చారు. అందువల్ల ఇటువంటి ప్రయోగాలు కళాశాల వర్క్‌షాపులకు, పోటీ ట్రాకులకు పరిమితం కావాలి. అక్కడైనా ఇంజన్ స్టార్టు చేసే ముందు అగ్నిమాపక సిలిండర్‌ను చేతికందేంత దూరంలో ఉంచుకోవాలి.