కారు కొంటున్నారా? రంగొక్కటే చూడకండి!

వంకాయలు కొంటే ముచ్చిక తిప్పి చూస్తాం. చీర కొంటే మడత విప్పి అంచు చూస్తాం. బంగారమైతే తరుగెంత, మజూరీ ఎంత అని నాలుగు కొట్లు తిరుగుతాం. కానీ ఏళ్ళ తరబడి కూడబెట్టిన లక్షలు పోసి కారు కొనేటప్పుడు మాత్రం షోరూమ్‌లో ఏసీ కింద కూర్చుని, వాళ్ళిచ్చిన కూల్‌డ్రింక్ తాగి, చూపించిన చోటల్లా సంతకం పెట్టేసి వస్తాం! ఇది ఎవరినో అనడం కాదు, మేం చేసిన నిర్వాకమే చెబుతున్నాను.

2019లో నేను పాడిన చీటీ డబ్బు, మావారి పీఎఫ్ డబ్బు కలిపి మొదటిసారి కారు కొన్నాం. సేల్స్ అబ్బాయి ధర, మైలేజీ, లోను అన్నీ మావారితోనే మాట్లాడాడు. నా వైపు తిరిగి, "మేడం, మీకే కలర్ నచ్చింది?" అని మాత్రం అడిగాడు. నేనూ మురిసిపోయి ఎరుపన్నాను. ఉగాదికి కారు ఇంటికి రావాలని మా తొందర. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్నాం.

తర్వాత ఆర్‌సీ కార్డు వచ్చాక చూస్తే, కారు తయారైంది కిందటేడాది ఏప్రిల్‌లో! పదకొండు నెలలు ఏ యార్డులోనో ఎండకీ వానకీ నిలబడిన బండి. రేపు అమ్మబోతే ఏడాది పాతదని ధర కోస్తారు. బిల్లు తీసి లెక్క చూస్తే, యాక్సెసరీస్‌కి 24 వేలు, హ్యాండ్లింగ్ చార్జీలని 7,500 వేశారు. ఇన్సూరెన్స్ బయటకంటే 11 వేలు ఎక్కువ. అంతా కలిపి 42,500 రూపాయలు. అది మా అమ్మాయి కాలేజీ ఫీజుకని పక్కన పెట్టిన డబ్బు. ఆ రాత్రి మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. మీకలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

అసలు ధర ఏది?

పేపర్లో కనిపించేది ఎక్స్ షోరూమ్ ధర. జీఎస్టీ అందులో కలిసే ఉంటుంది. నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు (పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ వరకు) 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఈ ధర మీద లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ కలిస్తే ఆన్ రోడ్ ధర. ఇవి తప్పనివి. వీటి మధ్య హ్యాండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీస్ ప్యాకేజీ, పెంచిన వారంటీ, పాలిష్ కోటింగ్ అని చేరేవి మాత్రం మీరు వద్దనగలిగినవి. హ్యాండ్లింగ్ అనేది ప్రభుత్వానికి కట్టే పన్నేమీ కాదు. తీసేయమని నిలబడి అడగండి. సీటు కవర్లు, మ్యాట్లు బయట కూడా దొరుకుతాయి.

అందుకే అడ్వాన్సు కట్టకముందే కొటేషన్ అడగండి. ఒక్కో ఖర్చూ విడివిడిగా రాసి, షోరూమ్ ముద్ర, సంతకం ఉన్న కాగితం కావాలి. కనీసం రెండు షోరూముల్లో తీసుకుంటే బేరమాడడానికి ధైర్యం వస్తుంది. బుకింగ్ రద్దయితే ఎంత కోసుకుంటారో కూడా రాయించుకోండి. డబ్బు షోరూమ్ పేరు మీదే కట్టి రసీదు తీసుకోండి. సేల్స్‌మన్ సొంత ఖాతాలో రూపాయి కూడా వేయొద్దు. ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కట్టించుకుంటారు. అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో చూపించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ మన ఇష్టం

"మా దగ్గరే చేయించాలి, లేకపోతే డెలివరీ కాదు" అంటే నమ్మకండి. ఏ కంపెనీలో చేయించుకోవాలో కొనేవాళ్ళ ఇష్టం. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం 2018 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. బయట ధర కనుక్కుని ఆ కాగితం చూపిస్తే షోరూమ్ వాళ్ళే తగ్గించవచ్చు. అయితే ప్రీమియం తక్కువని మోసపోకండి. కారుకు కట్టిన విలువ, అంటే ఐడీవీ, తగ్గించి రాశారేమో చూడాలి. కొత్త కారుకది సాధారణంగా ఎక్స్ షోరూమ్ ధరలో 95 శాతం ఉంటుంది. ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీలో సగమే ఇస్తారు కాబట్టి, మొదటి ఏళ్ళలో జీరో డిప్రిసియేషన్ తీసుకోవడం మంచిది.

లోను లెక్క

"నెలకు ఎనిమిది వేలేనండీ" అంటే తేలిగ్గానే అనిపిస్తుంది. అయిదు లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే, అయిదేళ్ళకైతే నెలకు 10,379 రూపాయలు, ఏడేళ్ళకైతే 8,045. కానీ మొత్తం వడ్డీ మొదటిదానిలో సుమారు 1,22,750, రెండోదానిలో 1,75,740. అంటే 53 వేలు ఎక్కువ! వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గే అసలు మీదా అని కూడా అడగండి. అదే 9 శాతం ఫ్లాట్ అయితే అయిదేళ్ళలో వడ్డీ 2,25,000 అవుతుంది. ముందే తీర్చేస్తే ఎంత కట్టాలో కూడా కనుక్కోండి. లోను తీరాక బ్యాంకు నుంచి ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించుకోవడం మరవకండి.

మీ పేరు మీదకి రాకముందే చూడండి

టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో పెద్దవాళ్ళనీ తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఎక్కి దిగగలరో లేదో అప్పుడే తెలుస్తుంది.

మీకిచ్చే బండిని మాత్రం రిజిస్ట్రేషన్‌కి ముందు, పగటి వెలుతురులో, యార్డుకు వెళ్ళి చూడాలి. ఒకసారి మీ పేరు మీద రిజిస్టరయితే వెనక్కివ్వడం చాలా కష్టం. ఇవి చూడండి:

• తయారైన నెల, సంవత్సరం. సేల్ సర్టిఫికెట్‌లో, అంటే ఫారం 21లో, ఇది రాయాలి.
• బండి మీద 17 అక్షరాలు, అంకెలున్న చాసిస్ నంబరు, కాగితాల మీదున్నదీ ఒకటేనా?
• టైరు మీద నాలుగంకెలు. 1424 అంటే 2024లో 14వ వారంలో తయారైంది.
• మీటరులో ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? వందలు దాటితే ఎందుకని అడగండి.
• గీతలు, రంగు తేడా, ఏసీ, అద్దాలు, లైట్లు, వైపర్లు.
• స్టెప్నీ, జాకీ, రెండు తాళాలు.

2024 దసరాకి మా చెల్లెలు వాళ్ళు కారు కొంటూ, "అక్కా, నువ్వూ రావే" అంది. నోటు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. అక్కడా సేల్స్ అబ్బాయి నా వైపు తిరిగి, "కలర్ ఏది మేడం?" అన్నాడు. "రంగు తర్వాత చెబుతాం బాబూ, ముందు కొటేషన్ ఇవ్వు" అన్నాను. హ్యాండ్లింగ్ చార్జీలు తీసేయించాం. యాక్సెసరీస్ వద్దన్నాం. ముందు చూపించింది జనవరి బండి. వద్దంటే ఆగస్టులో తయారైంది తెప్పించారు. దసరా దాటి నాలుగు రోజులు ఆలస్యమైంది, అంతే. ముహూర్తం మనం ఇంకోటి పెట్టుకోవచ్చు గానీ, పోయిన డబ్బు తిరిగి రాదు కదా!

ఇంటి ఖర్చులో రూపాయి రూపాయి లెక్క రాసేది మనమే. ఆ పుస్తకం షోరూమ్‌కి కూడా తీసుకెళ్ళండి. రంగూ మీరే చెప్పండి, కాకపోతే లెక్కంతా తేలాక!