విశ్వవిద్యాలయాలు కలిసి అడిగితే

అక్టోబరు వచ్చిందంటే మా లైబ్రరీ పీరియాడికల్స్ విభాగంలో తలనొప్పి మొదలయ్యేది. వచ్చే ఏడాదికి ఏ జర్నళ్లకు చందా కట్టాలి, వేటిని ఆపేయాలి అన్న జాబితా తయారు చేయాలి. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆ విభాగం చూస్తూనే నా ఉద్యోగకాలమంతా గడిచింది. చందాలు డాలర్లలో, పౌండ్లలో ఉండేవి. మా బడ్జెట్ రూపాయల్లో ఉండేది. రూపాయి విలువ పడిపోయిన ఏడాది కెమిస్ట్రీ జర్నల్ ఒకటి నిలబెట్టాలంటే జువాలజీవి రెండు వదులుకోవలసి వచ్చేది. ‘సార్, ఈ పేపరు మనకు వస్తుందా?’ అని అడిగిన పరిశోధక విద్యార్థిని, బెంగళూరు వెళ్లి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ లైబ్రరీలో జిరాక్సు తీయించుకో అని పంపేవాణ్ని. ఫెలోషిప్ సకాలంలో రాని పిల్లలకు ఆ బస్సు ఛార్జీలే భారం.

పరిశోధనా జర్నళ్ల వ్యాపారం ఎలా నడుస్తుందో మామూలు పాఠకులకు అంతగా తెలియదు. ప్రొఫెసరుకు జీతం ప్రభుత్వం ఇస్తుంది. ప్రయోగానికి డబ్బు చాలావరకు ప్రభుత్వ నిధుల నుంచే వస్తుంది. ఆయన వ్యాసం రాసి జర్నల్‌కు ఉచితంగా ఇస్తారు. అది సరిగ్గా ఉందో లేదో పరిశీలించేది కూడా మరో విశ్వవిద్యాలయంలోని అధ్యాపకులే, అదీ దాదాపు ఎప్పుడూ ఉచితంగానే. అచ్చయ్యే ముందు చాలా జర్నళ్లు కాపీరైటు రాయించుకుంటాయి. చివరికి ఆ వ్యాసాన్నే విశ్వవిద్యాలయం లైబ్రరీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అమ్మే సంస్థలు కొద్ది, కొనే లైబ్రరీలు వేలు. ప్రతి లైబ్రరీ విడివిడిగా బేరానికి కూర్చుంటే గెలుపు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి మన దేశంలో ముందే గ్రహించినవాళ్లున్నారు. విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ 1991లో ఒక ప్రాజెక్టుగా మొదలై, 1996లో స్వతంత్ర కేంద్రమైంది. ఇప్పుడది గాంధీనగర్‌లో ఉంది. దాని ద్వారా నడిచిన యూజీసీ ఇన్ఫోనెట్ డిజిటల్ లైబ్రరీ కన్సార్టియంను 2003 డిసెంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. కలిసి చందా కట్టడం అప్పుడు మొదలైంది. మా లైబ్రరీ పేరు మీద ఎన్నడూ కొనలేని జర్నళ్లు కంప్యూటర్ తెర మీద కనబడిన రోజున మా పాత ప్రొఫెసర్లు కుర్చీలు లాక్కుని వచ్చి కూర్చున్నారు.

ఆ తర్వాత వచ్చినది థీసిస్‌ల ఎలక్ట్రానిక్ భాండాగారం శోధ్‌గంగ. పీహెచ్‌డీ థీసిస్‌ను ఎలక్ట్రానిక్ ప్రతిగా సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. అంతకుముందు థీసిస్ బైండు చేయించి బీరువాలో పెడితే, పక్క జిల్లాలోని విశ్వవిద్యాలయానికి కూడా దాని ఊసు తెలిసేది కాదు. ఒకే అంశం మీద రెండు చోట్ల పని జరిగిపోయేది. ఇప్పుడు శోధ్‌గంగలో ఐదు లక్షలకు పైగా థీసిస్‌లు ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు.

ఇక 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, 13,000కు దగ్గరగా జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలు. అనంతపురం పిల్లవాడికీ, ఆదిలాబాద్ అమ్మాయికీ, ఐఐటీ విద్యార్థికీ ఒకే జర్నళ్లు అందుతున్నాయి. నా ఉద్యోగకాలమంతా కోరుకున్నది ఇదే. మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

అయితే ఇది కలిసి కొనుక్కోవడం దగ్గరే ఆగిపోయింది. మనం రాసిన దాని మీద హక్కు ఎవరికి ఉండాలన్న విషయంలో ఇంకా ఎవరి దారి వారిదే. ఇక్కడ కాలిఫోర్నియా అనుభవం మనకు పనికొస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రభుత్వ సంస్థ. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో వంటి పది క్యాంపస్‌లున్నాయి. 2013 జులైలో వాటి అధ్యాపకుల సెనేట్ అందరికీ వర్తించే విధానం ఒకటి తెచ్చింది. ప్రచురణకర్తతో ఒప్పందానికి ముందే, వ్యాసాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచే హక్కును అధ్యాపకులు విశ్వవిద్యాలయానికి ఇస్తారు. వద్దనుకున్నవారు మినహాయింపు కోరవచ్చు. ఎనిమిది వేల మందికి పైగా అధ్యాపకులు దీని కిందికి వచ్చారు. పై నుంచి ఎవరో రుద్దిన ఉత్తర్వు కాదు, అధ్యాపకులే చర్చించి నిర్ణయించుకున్నారు.

ఆ బలంతోనే 2019 ఫిబ్రవరిలో పది క్యాంపస్‌లూ జర్నళ్ల ప్రచురణ సంస్థ ఎల్సెవియర్‌తో చర్చలు తెంచుకున్నాయి. చందా, ప్రచురణ ఖర్చు రెండూ ఒకే ఒప్పందంలో ఉండాలని, తమ వ్యాసాలు లోకమంతటికీ ఉచితంగా అందాలని వారి పట్టు. ఆ జులైలో కొత్త వ్యాసాలు చూడటం ఆగిపోయింది. పరిశోధకులు ఇంటర్ లైబ్రరీ లోన్‌తో, రచయితలనే ప్రతులు అడిగి సర్దుకున్నారు. ఏ క్యాంపస్సూ విడిపోయి సొంత బేరానికి వెళ్లలేదు. 2021 మార్చిలో వారు కోరిన తీరులోనే ఒప్పందం కుదిరింది.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2009లోనే తన పరిశోధనలను బహిరంగంగా ఉంచే విధానం పెట్టుకుంది. కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక శాఖలు 2014లో తమ నిధులతో జరిగిన పనికి అలాంటి నియమమే తెచ్చాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు మాత్రం కలిసి కూర్చోలేదు. కూర్చోవలసిన అవసరం ఇప్పుడు మరీ పెరిగింది. మంచి జర్నల్ ఏదో చెప్పే కేర్ జాబితాను యూజీసీ 2025లో నిలిపివేసి, ఆ బాధ్యతను సంస్థలకే వదిలింది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే నకిలీ జర్నళ్లను ఒక్కో విశ్వవిద్యాలయం ఒంటరిగా ఏరడం కష్టం. ఒకరు తిరస్కరించినదాన్ని మరొకరు ప్రమోషన్‌కు లెక్కలోకి తీసుకుంటే నష్టపోయేది నిజాయితీగా పనిచేసినవాళ్లే.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకూ, వైస్ ఛాన్సలర్లకూ నా మనవి ఇది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ మొదలైన విశ్వవిద్యాలయాల నుంచి అధ్యాపకులనూ లైబ్రేరియన్లనూ ఒక చోట కూర్చోబెట్టండి. ఆమోదం పొందిన ప్రతి వ్యాసం తుది ప్రతినీ ఉమ్మడి భాండాగారంలో ఉంచాలని ఒకే నియమం పెట్టండి. జర్నళ్ల మంచిచెడ్డలు చూసే ఉమ్మడి సంఘం వేయండి. జర్నళ్లకు చందా కట్టలేని ప్రైవేటు కాలేజీ విద్యార్థీ, వ్యవసాయ అధికారీ, పత్రికా విలేకరీ కూడా చదువుకోగలిగితేనే ఈ రాష్ట్రాల ప్రజల పన్నులతో జరిగిన పరిశోధన ప్రజలకు చేరినట్టు.