మా అమ్మ, ‘మా మేర్’

ఫ్రెంచి నేర్వబోయే తెలుగువారికి మొదటి పాఠములోనే ఒక చుట్టము ఎదురవుతుంది. మనము ‘మా అమ్మ’ అంటే ఫ్రెంచివారు ‘మా మేర్’ అంటారు. ఆ సంతోషముతో నాన్నగారిని ‘మా పేర్’ అన్నామో, తప్పు! ‘మోఁ పేర్’ అనవలెను. (అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి.) బహువచనమైతే రెంటికీ ‘మే’. అట్లే ‘నీ’ అనడానికి తోఁ, తా, తే. ‘అతని’ అన్నా ‘ఆమె’ అన్నా సోఁ, సా, సే.

చిక్కంతా ఈ చివరి మూటితోనే. తెలుగులో ‘అతని’, ‘ఆమె’ అన్న మాటలు సొంతదారెవరో చెపుతాయి. ఫ్రెంచి మాట సొంతదారును చూడదు, సొత్తునే చూస్తుంది. ఇల్లు వారికి స్త్రీలింగము గనుక ఎవరిదైనా ‘సా మేజోఁ’. కూతురు ‘సా ఫీయ్’. తండ్రికైనా అంతే, తల్లికైనా అంతే.

ఇది వట్టి వ్యాకరణము కాదు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. 1962లో చట్టరీత్యా భారతదేశములో చేరినది. ఆ కాలపు కాగితాలు పెట్టెలో దాచుకొన్న ఇండ్లవారు ఈ సంగతి ఎరిగి ఉండాలి. రామయ్యకు మొదటి భార్యవల్ల ఒక కూతురు, ఆయన రెండవ భార్య సీతమ్మకు తొలి మనువువల్ల ఒక కూతురు ఉన్నారనుకొందాము. దస్తావేజులో ‘సా ఫీయ్’ అని ఉంటే, ‘సా’ను బట్టి ‘ఆమె కూతురు’ అని తెలిగించరాదు. మాట ఎవరిని గురించి నడుస్తున్నదో పై వాక్యములు చదివి తేల్చుకోవాలి. లేకుంటే ఒక పిల్ల ఆస్తి ఇంకొక పిల్లకు పోతుంది!

మరొక మెలిక. అచ్చుతో మొదలయ్యే మాట ముందు ‘సా’ నిలువదు. భార్య స్త్రీలింగమే అయినా ‘సోనెపూజ్’ అనాలి. ‘సోనెపూ’ అంటే భర్త. రెంటికీ తేడా మాట చివరనే!

‘నోత్ర్’ అంటే మనదీ, మాదీ కూడా. ‘మా ఇంటికి రండి’ అనడానికీ, ‘ఇది మన ఇల్లే’ అనడానికీ మనకున్న తేడా వారికి లేదు. ఇందులో మన తెలుగే మిన్న అని నా అభిప్రాయము.

మర్యాదలో మాత్రము వారూ మనవంటివారే. చనువున్నచోట ‘తు’, పెద్దలకూ కొత్తవారికీ ‘వూ’. అందుచేత పిల్లవాని పేరు ‘తోఁ నోఁ’. పెద్దలనైతే ‘వోత్ర్ నోఁ, సిల్ వూ ప్లే?’ అని అడగాలి. ‘తమ పేరు, దయచేసి?’ అన్నమాట. జవాబు రాగానే ‘మెర్సి, మొస్యే’ అనడము మరువరాదు.

ఆ ‘మొస్యే’లోనూ, ‘మాదామ్’లోనూ దాగినది ‘నా’ అన్న మాటే. నా దొర, నా దొరసాని అని వాటి పుట్టుక. అందుకే పలువురైతే మొదటి అక్షరమే మారి ‘మెస్యే’, ‘మేదామ్’ అవుతాయి. ఎవరో ఒక స్త్రీని గురించి చెప్పేటప్పుడు ఆ ‘నా’ తీసివేసి ‘యూన్ దామ్’ అంటారు.